ఒక, ఓ, ఎ: కెనడా రాజ్యాంగంలో ఒక చిన్నమాట చరిత్ర

ఇంగ్లీషులో తెలుగువారిని చివరిదాకా ఇబ్బంది పెట్టేవి పెద్దమాటలు కావు. పెద్దమాటకు నిఘంటువు ఉంది. ‘ఎ’, ‘ఏన్’ అనే రెండు చిన్నమాటలను ఎక్కడ వాడాలో, ఎక్కడ మానాలో ఏ నిఘంటువూ పూర్తిగా చెప్పలేదు. టొరాంటోలోనో కాల్గరీలోనో ఏళ్ల తరబడి ఉద్యోగం చేస్తూ, అనర్గళంగా ఇంగ్లీషు మాట్లాడేవారి రాతల్లో కూడా ‘ఏన్ అడ్వైస్’, ‘ఎ సాఫ్ట్‌వేర్’ వంటి ప్రయోగాలు దొర్లుతూనే ఉంటాయి. ఉండవలసిన చోట ‘ఎ’ జారిపోతూనే ఉంటుంది.

వ్యాకరణ గ్రంథాలు అనిశ్చిత ఉపపదం అని పిలిచే ఈ మాటను మనలో చాలామంది చిల్లర విషయంగా చూస్తారు. అది లేకపోయినా అర్థం తెలుస్తుంది కదా అన్నది మన సమాధానం. కాని కెనడా చరిత్ర ఈ సమాధానాన్ని ఒప్పుకోదు. ఈ దేశ రాజ్యాంగ వివాదాలలో కొన్ని కీలకమైనవి ఈ మాట ఉన్న వాక్యాల చుట్టూనే నడిచాయి. ఆ వాక్యాలను చదివితే, బడిలో బట్టీపట్టిన నియమాల వెనక ఉన్న తర్కం మరింత స్పష్టంగా కనిపిస్తుంది. అయితే ముందుగా ఈ మాట ఎక్కడినుంచి వచ్చిందో తెలుసుకోవాలి.

సంఖ్య నుంచి ఉపపదం దాకా

స్థూలంగా నన్నయ భారతం రాస్తున్న కాలానికి ఇంగ్లీషులో అనిశ్చిత ఉపపదం అనే ప్రత్యేకమైన మాట స్థిరపడలేదు. ‘ఆన్’ అనే మాట ఉండేది. దాని అర్థం ‘ఒకటి’. తర్వాతి రెండు మూడు శతాబ్దాలలో ఈ మాట రెండుగా చీలింది. ఊనిక పెట్టి పలికిన రూపం సంఖ్యావాచకంగా నిలిచి నేటి ‘వన్’ అయింది. ఊనిక లేకుండా పలికిన రూపం అరిగిపోయి ‘ఏన్’ అయింది, హల్లు ముందు ఇంకా అరిగి ‘ఎ’ అయింది. అంటే ఇంగ్లీషు ‘ఎ’ అన్నది అరిగిపోయిన ‘ఒకటి’.

ఈ అరుగుదల తెలుగువారికి కొత్త కాదు. ‘ఒక్క రూపాయి’ అన్నప్పుడు లెక్క ముఖ్యం. ‘ఒక రూపాయి’ అన్నప్పుడు లెక్క కొంత సడలింది. ‘ఓ రోజు’, ‘ఓ పెద్దమనిషి’ అన్నప్పుడు లెక్క దాదాపు పోయింది. ‘ఓ పదిమంది వచ్చారు’ అంటే అక్కడ ‘ఓ’కు ఒకటి అన్న అర్థమే లేదు, సుమారు అని అర్థం. ఒక్క, ఒక, ఓ అనే ఈ మెట్లు ఇంగ్లీషు ‘ఆన్’ దిగివచ్చిన మెట్లవంటివే. తేడా ఒక్కటే: ఇంగ్లీషులో ఆ ప్రయాణం పూర్తయి, ఉపపదం తప్పనిసరి అయింది. తెలుగులో ‘ఓ’ ఇంకా ఐచ్ఛికమే. ‘నిన్న పుస్తకం కొన్నాను’ అంటే మనకు చాలు. ఇంగ్లీషులో ఆ పుస్తకానికి ముందు ఏదో ఒకటి ఉండి తీరాలి.

వాడుకలోనూ పోలిక ఉంది. మన కథలన్నీ ‘అనగనగా ఒక రాజు’ అని మొదలవుతాయి. రెండో వాక్యానికి అతడు ‘ఆ రాజు’ అవుతాడు. వినేవాడికి ఇంకా పరిచయం కాని రాజు ‘ఒక రాజు’, పరిచయమైన రాజు ‘ఆ రాజు’. ఇంగ్లీషులో ‘ఎ’, ‘ది’ల మధ్య తేడా ముఖ్యంగా ఇదే. కాబట్టి మనకు లేనిది ఆ భావన కాదు, దాన్ని ప్రతి నామవాచకం దగ్గరా ప్రకటించవలసిన నిర్బంధం మాత్రమే.

నకారం నిలిచే చోటు

‘ఎ’ ఎప్పుడు, ‘ఏన్’ ఎప్పుడు అన్నది సంధికి సంబంధించిన విషయం. చిన్నయసూరి 1858లో ప్రకటించిన బాలవ్యాకరణం చదివినవారికి ద్రుతం గుర్తుండే ఉంటుంది. ‘నాకున్’ వంటి రూపాల చివర ఉండే నకారం అది. అచ్చు పరమైనప్పుడు దానికి లోపం లేదు, ఇతరత్రా అది మార్పులకూ లోపానికీ లోనవుతుంది. ‘ఏన్’లోని నకారం నడక కూడా ఇటువంటిదే. ‘ఏన్’ మూలరూపం, ‘ఎ’ దాని నకారం లోపించిన రూపం. అచ్చు ముందు నకారాన్ని కొత్తగా చేరుస్తున్నామని బడిలో నేర్పుతారు. చారిత్రకంగా జరిగింది అందుకు విరుద్ధం: హల్లు ముందు అది లోపించింది.

ఈ నకారం ఏ మాటకు చెందుతుందో తెలియక ఇంగ్లీషువారే తికమకపడ్డారు. ‘ఎ నేప్రన్’ అన్నది ‘ఏన్ ఏప్రన్’గా మారి, ఆ మాట తన మొదటి అక్షరాన్ని పోగొట్టుకుంది. ‘ఏన్ ఎక్‌నేమ్’ అన్నది ‘ఎ నిక్‌నేమ్’గా మారి, ఆ మాట ఒక అక్షరాన్ని సంపాదించుకుంది. ఇలాంటి మార్పే మన నారింజకూ జరిగింది. ఈ మాట మూలం ద్రావిడమని చాలామంది పండితుల అభిప్రాయం. సంస్కృతంలో నారంగ, పారసీకంలో నారంగ్, అరబీలో నారంజ్ అయి అది ఐరోపా చేరింది. స్పానిష్ ఆ నకారాన్ని నిలుపుకుంది. ఇటాలియన్, ఫ్రెంచి భాషలలో అది ముందున్న ఉపపదంలోని నకారంతో కలిసిపోయి లోపించింది. ఆ లోపించిన రూపమే ఫ్రెంచి ద్వారా ఇంగ్లీషులోకి వచ్చింది. అందుకే ఇప్పుడు ‘ఏన్ ఆరెంజ్’ అనవలసి వస్తోంది.

ఇక్కడ చూడవలసింది ధ్వనిని, అక్షరాన్ని కాదు. కెనడాలో రోజూ వాడే పొడి అక్షరాల మాటలలో ఇది తేలికగా తెలుస్తుంది. ఆర్‌సీఎంపీ అధికారి ముందు ‘ఏన్’ రావాలి, ఎందుకంటే ‘ఆర్’ అచ్చుతో మొదలవుతుంది. ఎస్ఎఫ్‌యూ పట్టాకు ‘ఏన్’, యూబీసీ పట్టాకు ‘ఎ’. వలస దరఖాస్తులలో కనిపించే వృత్తి సంకేతాన్ని విడి అక్షరాలుగా కాక ‘నాక్’ అని ఒకే మాటగా పలుకుతారు కనుక దానికి ‘ఎ’. డాలరు నాణేన్ని ‘ఎ వన్ డాలర్ కాయిన్’ అనాలి, ‘వన్’ మొదట్లో వకారం ఉంది కదా.

తెలుగువారు పొరబడటానికి ఇక్కడ ఒక ప్రత్యేక కారణం ఉంది. మన ఉచ్చారణలో పదాది ఎకారానికి ముందు యకారం, ఒకారానికి ముందు వకారం తొంగిచూస్తాయి. పాత అచ్చు పుస్తకాలలో ‘యెక్కడ’, ‘వొక’ అని ఉండేది. డిగ్రీలను ‘యం.ఏ.’ అని రాసేవారు. ‘ఎమ్’ను ‘యమ్’ అని, ‘ఎస్’ను ‘యస్’ అని పలికే చెవికి అక్కడ హల్లు వినిపిస్తుంది, హల్లు ముందు ‘ఎ’ సరైనదే అనిపిస్తుంది. నియమం తెలియకపోవడం కాదిది, నియమాన్ని మన చెవితో అమలు చేయడం.

మానవలసిన చోటు

ఉపపదాన్ని వాడటం కంటె మానటం కష్టం. లెక్కించదగిన వస్తువు ఏకవచనంలో ఉంటేనే ‘ఎ’ వస్తుంది. లెక్కకు రాని పదార్థానికి రాదు. ఈ విభజన మన భాషలోనూ ఉంది, కాని దాన్ని మనం వేరే విధంగా సూచిస్తాం. నీళ్లు, పాలు, వడ్లు మనకు నిత్య బహువచనాలు. ‘ఒక నీళ్లు’ అని ఎవరూ అనరు, ‘ఒక గ్లాసు నీళ్లు’ అంటారు లేదా ‘కాసిని నీళ్లు’ అంటారు. అయితే రెండు భాషలూ గీత గీసిన చోటు ఒకటే కాదు. సలహా మనకు లెక్కకు వస్తుంది: ఒక సలహా, నాలుగు సలహాలు. ఇంగ్లీషులో ‘అడ్వైస్’ నీళ్లవంటి పదార్థం. ఇన్ఫర్మేషన్, ఎక్విప్‌మెంట్, ఫర్నిచర్, ఎవిడెన్స్, ఫీడ్‌బ్యాక్, సాఫ్ట్‌వేర్ ఆ కోవలోవే. వీటిని లెక్కించాలంటే గ్లాసు వంటి మాట ఒకటి ముందు ఉండాలి: ‘ఎ పీస్ ఆఫ్ అడ్వైస్’.

ఈ గీత చెరగనిదేమీ కాదు. కాఫీ పదార్థమే అయినా, హోటల్లో ‘రెండు కాఫీలు’ అని మనం అడిగినట్టే ఇంగ్లీషువాడు ‘ఎ కాఫీ’ అని అడుగుతాడు. 1964లో హామిల్టన్‌లో మొదలైన టిమ్ హార్టన్స్ దుకాణాల పుణ్యమా అని ‘ఎ డబుల్ డబుల్’ అన్నది కెనడా ఇంగ్లీషులో స్థిరపడి, 2004లో కెనేడియన్ ఆక్స్‌ఫర్డ్ నిఘంటువులోకి కూడా ఎక్కింది. రెండు విశేషణాలు కలిసి ఒక కప్పు కాఫీ అయ్యాయి. అలా అయ్యాయని చెప్పేది ముందున్న ‘ఎ’.

వృత్తుల విషయంలో మూడు భాషలను పక్కపక్కన పెట్టి చూడటం కెనడాలో సులభం. ‘ఆయన డాక్టరు’ అంటుంది తెలుగు. మాంట్రియల్ వీధుల్లో వినిపించే ఫ్రెంచి కూడా వృత్తి పేరుకు ఉపపదం పెట్టదు. ఇంగ్లీషు మాత్రం పెడుతుంది, ఎందుకంటే దాని దృష్టిలో ఆయన అనేకమంది డాక్టర్లలో ఒకరు. అదే ఇంగ్లీషు, ఒక్కరే ఉండే పదవి దగ్గర ఉపపదాన్ని వదిలేయగలదు. కెనడా సుప్రీంకోర్టులో తొమ్మిదిమంది న్యాయమూర్తులు. 2021లో నియమితుడైన మహమూద్ జమాల్ ఆ న్యాయస్థానంలో ‘ఎ జడ్జ్’. రిచర్డ్ వాగ్నర్ 2017లో నియమితుడైంది చీఫ్ జస్టిస్‌గా, అక్కడ ‘ఎ’ రాదు, రాకూడదు. పెడితే ఇంకా కొందరు చీఫ్ జస్టిస్‌లు ఉన్నారని అర్థం వస్తుంది.

ఒక ‘ఎ’ జారిపోతే ఏమవుతుందో 1969 జులైలో ప్రపంచమంతా విన్నది. చంద్రుడిమీద కాలుపెడుతూ నీల్ ఆర్మ్‌స్ట్రాంగ్ ‘ఎ మ్యాన్’ అనదలచుకున్నాడు. ప్రసారంలో వినిపించింది ‘మ్యాన్’ మాత్రమే. ‘ఎ మ్యాన్’ అంటే ఒక మనిషి, ఉపపదం లేని ‘మ్యాన్’ అంటే మానవజాతి. మనిషి వేసిన చిన్న అడుగునూ, మానవజాతి వేసిన పెద్ద అంగనూ పోల్చదలచిన వాక్యంలో రెండు పక్కలా మానవజాతే మిగిలింది.

ఇంతవరకు చూసినదాని సారం ఇది: అటువంటివి ఇంకా ఉన్నాయి లేదా ఉండవచ్చు, వాటిలో ఇది ఒకటి అని ‘ఎ’ చెబుతుంది. ఏది అన్నది తేల్చకుండా వదిలేస్తుంది. ఈ తేల్చకపోవడమే కెనడా రాజ్యాంగ చరిత్రలో పదే పదే ఎదురవుతుంది.

1867: ఒకే డొమినియన్, ఒక రాజ్యాంగం

కెనడా సమాఖ్యను ఏర్పరచిన బ్రిటిష్ నార్త్ అమెరికా చట్టం 1867 జులై 1న అమలులోకి వచ్చింది. దాని పీఠికలో రెండు నామవాచకాలను గమనించాలి. రాష్ట్రాలు కలిసి ఏర్పడేది ‘వన్ డొమినియన్’. దానికి ఉండేది బ్రిటన్ రాజ్యాంగాన్ని సూత్రప్రాయంగా పోలిన ‘ఎ కాన్‌స్టిట్యూషన్’. మొదటిచోట అరగని ‘వన్’, రెండోచోట అరిగిన ‘ఎ’. విడివిడి వలస రాజ్యాలు కలిసి ఒకటవుతున్నాయని చెప్పేచోట లెక్క ముఖ్యం, అందుకు సంఖ్యే కావాలి. రాజ్యాంగం విషయంలో అటువంటిది ఒకటి అంటే చాలు. అది బ్రిటన్ రాజ్యాంగమే కాదు, దాన్ని పోలినది.

ఆ పోలిక ఎంతవరకు అన్నది చట్టం చెప్పలేదు. చెప్పే పని న్యాయస్థానాల మీద పడింది. 1938లో అల్బర్టా ప్రభుత్వం పత్రికలను అదుపు చేయబూనిన బిల్లు సుప్రీంకోర్టు ముందుకు వచ్చినప్పుడు, ప్రధాన న్యాయమూర్తి లైమన్ డఫ్ ఈ పీఠికా వాక్యాన్ని ఆధారం చేసుకుని, స్వేచ్ఛగా చర్చించే హక్కు పార్లమెంటరీ వ్యవస్థలో అంతర్భాగమని వాదించాడు. 1997లో న్యాయమూర్తుల జీతాల వివాదంలో, న్యాయవ్యవస్థ స్వతంత్రతకు సుప్రీంకోర్టు మళ్లీ ఈ పీఠికనే ఆశ్రయించింది.

ఇక్కడ ఒక విచిత్రం ఉంది. ద్విభాషా దేశమైన కెనడాలో సమాఖ్య చట్టాల ఇంగ్లీషు, ఫ్రెంచి పాఠాలు రెండూ సమాన ప్రామాణికాలు. కాని 1867 నాటి ఈ మూలచట్టానికి అధికారిక ఫ్రెంచి పాఠం లేదు. తయారు చేయాలని 1982 రాజ్యాంగ చట్టం 55వ సెక్షన్ ఆదేశించినా అది ఆమోదానికి నోచుకోలేదు. కాబట్టి ఆ పీఠికలోని ఉపపదాల బరువంతా ఇంగ్లీషు మీదే ఉంది.

చట్టాలలో ‘ఎ’ అంటే కచ్చితంగా ఒకటే అని కూడా అనుకోకూడదు. ఏకవచనంలో చెప్పినది బహువచనానికీ వర్తిస్తుందని కెనడా ఇంటర్‌ప్రిటేషన్ యాక్ట్ 33వ సెక్షన్ చెబుతుంది. మన దేశంలో 1897 నాటి జనరల్ క్లాజెస్ యాక్ట్ 13వ సెక్షన్ చెప్పేదీ అదే. భారత రాజ్యాంగం మొదటి అధికరణం దేశాన్ని ‘ఎ యూనియన్ ఆఫ్ స్టేట్స్’ అంటుంది. ఫెడరేషన్ అనకుండా యూనియన్ అని ఎందుకన్నారో 1948 నవంబరు 4న రాజ్యాంగ సభలో వివరిస్తూ, అంబేడ్కర్ కెనడాను ఉదాహరణగా చూపాడు. కెనడా ఫెడరేషనే అయినా దాన్ని యూనియన్ అనే అంటారన్నాడు. ఆయన అసలు ఉద్దేశం వేరు: ఏ రాష్ట్రానికీ విడిపోయే హక్కు లేదని ఆ మాట చెప్పాలి. సరిగ్గా ఆ ప్రశ్నే అర్ధశతాబ్దం తర్వాత కెనడాను కుదిపింది.

క్విబెక్: ఎ సొసైటీ, ఎ మెజారిటీ, ఎ నేషన్

1987లో కుదిరిన మీచ్ లేక్ ఒప్పందం క్విబెక్‌ను కెనడాలో భాగంగా ఉన్న ‘ఎ డిస్టింక్ట్ సొసైటీ’గా గుర్తించింది. ఆ ఉపపదం వల్ల మాట సౌమ్యంగానే వినిపిస్తుంది: ఒక విశిష్ట సమాజం, అంతే. ఆ విశిష్టత వల్ల క్విబెక్‌కు ఏ అధికారాలు సంక్రమిస్తాయన్నది తేల్చలేదు. క్విబెక్‌లో కొందరికి అది చాలలేదు, వెలుపల చాలామందికి ఎక్కువైంది. తమ ఊసే లేదని ఆదివాసీ సమాజాలు నిలదీశాయి. మానిటోబా శాసనసభలో ఓజీ-క్రీ జాతీయుడైన ఎలైజా హార్పర్ ఏకగ్రీవానికి నిరాకరించాడు. న్యూఫౌండ్‌లాండ్‌లో ఓటింగు జరగలేదు. 1990 జూన్‌లో గడువు ముగిసి ఒప్పందం వీగిపోయింది.

1995 అక్టోబరు 30న క్విబెక్‌లో స్వాతంత్ర్యంపై ప్రజాభిప్రాయ సేకరణ జరిగింది. వద్దన్నవారు 50.58 శాతం, కావాలన్నవారు 49.42 శాతం. తేడా 54,288 ఓట్లు. ఇంత సన్నని తేడాతో ఒక దేశం నిలిచిన తర్వాత, విడిపోవడానికి ఎంత ఆధిక్యం కావాలన్న ప్రశ్న తప్పలేదు. 1998 ఆగస్టు 20న సుప్రీంకోర్టు ఇచ్చిన అభిప్రాయం ప్రకారం, ఏకపక్షంగా విడిపోయే హక్కు లేదు. కాని ‘ఎ క్లియర్ క్వశ్చన్’ మీద ‘ఎ క్లియర్ మెజారిటీ’ వస్తే మిగిలిన కెనడా చర్చలకు కూర్చోవలసిందే. ఆ మెజారిటీ ఎంతో కోర్టు చెప్పలేదు. దాన్ని నిర్ణయించవలసింది రాజకీయ నాయకులే అన్నది. 2000లో పార్లమెంటు చేసిన క్లారిటీ యాక్ట్ కూడా అంకె చెప్పలేదు. ఆ ఏడాదే క్విబెక్ శాసనసభ తన సొంత చట్టంలో సగానికి ఒక ఓటు ఎక్కువైతే చాలని రాసుకుంది. ఒకరు తేల్చకుండా వదిలిన చోటును మరొకరు అంకెతో పూరించారు.

2006 నవంబరులో బ్లాక్ క్విబెక్వా పార్టీ, క్విబెక్ ప్రజలు ‘ఎ నేషన్’ అని గుర్తించాలంటూ తీర్మానం తెచ్చింది. ప్రధాని స్టీఫెన్ హార్పర్ ఆ రెండు మాటలను ఉంచి, వాటికి మరి కొన్ని చేర్చాడు: క్విబెక్వాలు ‘ఎ యునైటెడ్ కెనడా’లో ‘ఎ నేషన్’. నవంబరు 27న దిగువసభ 266–16 ఓట్లతో దీన్ని ఆమోదించింది. తీర్మానాన్ని సమర్థించలేక మంత్రి మైఖేల్ చాంగ్ పదవికి రాజీనామా చేశాడు.

ఈ వాక్యంలో వ్యాకరణ విద్యార్థి ఆగి చూడవలసింది రెండో ‘ఎ’ దగ్గర. దేశం పేరుకు ఇంగ్లీషులో ఉపపదం ఉండదు, ‘ఎ కెనడా’ అనరు. విశేషణం చేరగానే ‘ఎ యునైటెడ్ కెనడా’ అనవచ్చు, ఎందుకంటే ఐక్యమైన కెనడా ఊహించదగిన కెనడాలలో ఒకటి. ఇంకొకటీ ఊహించవచ్చునన్న మాట. ఐక్యతను చాటడానికి చేర్చిన పదబంధంలోనే, ఐక్యత తప్పనిసరి కాదన్న ధ్వని ఉపపదం రూపంలో దాగి ఉంది. ఫ్రెంచి పాఠంలోనూ రెండుచోట్లా ఉపపదం ఉంది. తెలుగు చేసినప్పుడు ‘ఐక్య కెనడాలో ఒక జాతి’ అంటాం. మొదటి ఉపపదం మనకు తెలియకుండానే జారిపోతుంది, దానితోపాటు ఆ ధ్వని కూడా.

కథ అక్కడితో ముగియలేదు. 2022 జూన్ 1న అమలులోకి వచ్చిన 96వ బిల్లు ద్వారా క్విబెక్ శాసనసభ 1867 రాజ్యాంగ చట్టంలోనే రెండు సెక్షన్లు చేర్చింది. మొదటిది క్విబెక్ ప్రజలు ‘ఎ నేషన్’ అంటుంది. రెండవది ఫ్రెంచి అధికార భాష అని చెబుతూ, అది ‘ది క్విబెక్ నేషన్’ యొక్క ఉమ్మడి భాష అంటుంది. అనగనగా ఒక రాజు, ఆ రాజు. మొదటి వాక్యంలో పరిచయమైనది రెండో వాక్యానికి అందరికీ తెలిసినదైపోయింది. వివాదం ‘ఎ’ దగ్గర ఉంటే, వివాదం ముగిసిందన్న ధీమా ‘ది’ దగ్గర ఉంది.

ఎ కెనేడియన్

చివరి ఉదాహరణ వలస వచ్చినవారికి అన్నిటికంటె దగ్గరిది. ద్వంద్వ పౌరసత్వం ఉన్నవారు ఉగ్రవాదం వంటి నేరాలకు శిక్ష పడితే వారి కెనడా పౌరసత్వాన్ని రద్దు చేసే వీలును 2014లో వచ్చిన సీ-24 చట్టం కల్పించింది. 2015 ఎన్నికల చర్చలో జస్టిన్ ట్రూడో దీన్ని వ్యతిరేకిస్తూ ‘ఎ కెనేడియన్ ఈజ్ ఎ కెనేడియన్ ఈజ్ ఎ కెనేడియన్’ అన్నాడు. 2017 జూన్‌లో సీ-6 చట్టం ఆ రద్దు నిబంధనను తొలగించింది. ఆ విధానంపై ఎవరి అభిప్రాయం ఏదైనా, వాక్య నిర్మాణం గమనించదగ్గది. ఇక్కడ ‘ఎ’ ఒక ఫలానా వ్యక్తిని చెప్పడం లేదు. ఏ ఒక్కరినైనా తీసుకోండి అంటోంది. ఏ ఒక్కరైనా అంటే ప్రతి ఒక్కరూ. తేల్చకుండా వదిలేసే గుణమే ఇక్కడ సమానత్వానికి పనికొచ్చింది.

దీన్ని తెలుగులో చెప్పాలంటే ‘ఒక’ పనికిరాదు. ‘కెనేడియన్ అంటే కెనేడియనే’ అంటాం. ఇంగ్లీషు ముందు పెట్టిన ‘ఎ’తో చేసిన పనిని మనం చివర చేర్చిన ఏకారంతో చేస్తాం.

ఉపపదం ఎక్కడ వాడాలన్న ప్రశ్నకు జవాబు నియమాల పట్టిక కన్నా ఒక అలవాటులో ఉంది. నామవాచకం రాసే ముందు మూడు ప్రశ్నలు వేసుకోవాలి. ఇది లెక్కకు వచ్చేదా, పదార్థమా? ఇటువంటివి అనేకమా, ఇది ఒక్కటేనా? ఏదో చదివేవారికి ఇప్పటికే తెలుసా, తెలియదా? లెక్కకు వచ్చి, అనేకంలో ఒకటై, చదివేవారికి ఇంకా తెలియనిదైతే ‘ఎ’ ఉండాలి. ఆపైన ‘ఎ’నా ‘ఏన్’ఆ అన్నది చెవి తేలుస్తుంది, ఆ చెవి ‘ఎమ్’ను ‘యమ్’గా వినకపోతే చాలు. ఒప్పందంలోనో, వీలునామాలోనో, ఉద్యోగ నియామక పత్రంలోనో సంతకం పెట్టే ముందు ‘ఎ’, ‘ది’, ఏమీ లేకపోవడం అనే మూడింటిలో అక్కడ ఏది ఉందో చూడటం కూడా ఆ అలవాటులో భాగమే. కెనడావారు తమ దేశ పత్రాలను అలాగే చదువుకుంటూ వస్తున్నారు.